ఎద్దు మీద అమ్మవారు

రాజారావుకి యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఆ వయసులో దొరికింది పొద్దస్తమానం నిలబడి చేసే ఉద్యోగం. ఓడరేవు పక్కన తంజోంగ్ పగార్‌లో ఒకప్పుడు మిరియాల బస్తాలు పేర్చిన గోదాము ఒకటుంది. దాన్ని ఒక ఇంటర్నెట్ కంపెనీ అద్దెకి తీసుకుని, గోడలకి తెల్లరంగు కొట్టించి, ఏసీలు బిగించి, యూరప్ నుంచి నలభై పాత చిత్రాలు తెప్పించి వేలాడదీసింది. రెండువేల సంవత్సరం అది. చేతిలో డబ్బు నిలవని కంపెనీలు అప్పట్లో ఈ ఊళ్ళో ఇలాంటి వేడుకలు చాలా చేశాయి. ఆ చిత్రాలన్నీ వెబ్‌సైటులో పెట్టి ప్రపంచమంతా చూపిస్తారట. ఈలోగా గోదాముకి వచ్చినవాళ్ళు వాటిని ముట్టుకోకుండా చూడడం రాజారావు పని.

నలభైలో సగం గొర్రెల కాపరుల బొమ్మలే. ఆ గొర్రెలు సబ్బుతో తోమి దువ్వెనతో దువ్వి తోలుకొచ్చినట్టుంటాయి. కాపరులు పనివేళ చెట్టు కింద కాళ్ళు చాపుకుని పిల్లంగోవి ఊదుతుంటారు. ఏటి ఒడ్డున బట్టలు తక్కువైన వనకన్యలు. ఎవడికీ చెమట పట్టదు, ఎవడికీ ఆకలెయ్యదు. రబ్బరు తోటలో పుట్టి పెరిగిన రాజారావుకి వాటిని చూస్తే మొదట నవ్వొచ్చింది. ఇవి వేసినవాడెవడూ ఆ పచ్చదనంలోకి కూలికి పోయుండడు అనుకున్నాడు.

కాపలా కాక అతనికి ఇంకో పని ఉంది. తలుపులు తెరవకముందే చేతిలో టార్చి, బొమ్మ ఫొటో ఉన్న కాగితం పట్టుకుని తనకిచ్చిన నాలుగు చిత్రాలనీ పరీక్ష చెయ్యాలి. ఫొటో మీద పదహారు గళ్ళు గీసి ఉంటాయి. ఒక్కొక్క గడీ దగ్గర ఆగి, నిన్న లేని బీట ఇవాళ ఉందా, రంగు పెచ్చు లేచిందా చూసి సంతకం పెట్టాలి. ఇలా చూసేవాడికి బీటలు తెలుస్తాయి గానీ బొమ్మ తెలీదు. అందుకే రెండు రోజుల పాటు అతను ఏమీ గమనించలేదు. మూడో రోజు ఒక చిత్రం ఆరో గడిలో తెల్లటి ఎద్దు కొమ్మూ, దానికి చుట్టిన పూలదండా కనిపించాయి. ఏడో గడిలో ఒక ఆడమనిషి పైకెత్తిన అరచెయ్యి.

ఆ చేతికి దండం పెట్టే అతను బడికి వెళ్ళాడు, పరీక్షలు రాశాడు, ఉద్యోగంలో చేరాడు. నాలుగడుగులు వెనక్కి వేసి బొమ్మంతా ఒక్కసారి చూశాడు. సందేహం లేదు. వుడ్‌ల్యాండ్స్‌లో తన ఫ్లాట్లో, వంటింటి పక్క అరలో, పసుపూ కుంకుమా పూసుకుని రోజూ దీపం అందుకునే అమ్మవారే ఆవిడ.

ఆ అమ్మవారి సంగతి చెప్పాలంటే సముద్రం మీది వంతెనకి అవతల, మలాయి దేశంలోని జొహోర్‌కి వెళ్ళాలి. రాజారావు తండ్రి సింహాచలం విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రబ్బరు చెట్లకి గాటు పెట్టే కూలీగా మొదలై, నలభైమంది మీద అజమాయిషీ చేసే కంగాణీ అయ్యాడు. తల్లి రత్తమ్మ చీకటుండగానే గంట కొడితే లేచి, బకెట్లు పట్టుకుని, పాలు గీసే కత్తి బొడ్లో దోపుకుని పోయేది. పిల్లలిద్దరు. పెద్దది భ్రమరాంబ, ఆరేళ్ళ తరవాత రాజారావు. అక్కని అప్ప అనే వైపువాళ్ళు కాబట్టి రాజారావుకి ఆమె ఎప్పుడూ అప్పే.

గుట్ట మీద తెల్లదొర బంగ్లా ఉండేది. వచ్చిన చుట్టాలని వరండాలో కూర్చోబెట్టి, కింద బారులు తీరిన చెట్లని చూపించి, ఎంత ప్రశాంతమో చూడండి అనేవాడట. పదిహేనేళ్ళ భ్రమరాంబ ఆ బంగ్లాలో పనికి కుదిరింది. ఆరు నెలలు గడిచేసరికి జ్వరమన్నారు. గాలి మార్పు కావాలని ఈపోలో ఎవరో తెలిసినవాళ్ళింటికి పంపారు. ఆమె ఏడాదికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక నవ్వడం మానేసింది. ఈ మధ్యలోనే దొర దయ తలచి, కూలీల ఇళ్ళుండే లయిన్లలో ఏ పిల్లాడికీ దక్కనిది, రాజారావుకి జొహోర్ బారులో ఇంగ్లీషు బడిలో సీటు ఇప్పించాడు. సింహాచలం అదృష్టం అన్నారు అందరూ.

అప్ప తిరిగొచ్చిన నెలలోనే సింహాచలం బంగ్లా నుంచి ఒక అచ్చు పటం చుట్టచుట్టి తెచ్చాడు. బంగ్లాలోకి కొత్త సామాన్లొచ్చాయి, పాతవి పంచుతున్నారు అన్నాడు. మర్నాడు రత్తమ్మ విప్పి చూసింది. ఒక పక్క అంచు వంకరటింకరగా కోసి ఉంది. ఫ్రేముకి సరిపడేలా మొగుడు కోయించాడనుకుంది. మధ్యలో తెల్లటి ఎద్దు, కొమ్ములకి పూలదండ. ఎద్దు మీద పట్టుబట్టల్లో ఒకావిడ, చెయ్యెత్తి, మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. కింద తెల్లగా మబ్బుల్లాగా ఏదో ఉంది. రత్తమ్మ రెండు చేతులూ జోడించింది. నందినెక్కిన పార్వతమ్మ, ఆ చెయ్యి అభయహస్తం, ఆ మబ్బులు కైలాసం అంది. లయిన్లలో ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే మార్గమేది? తెల్లటి ఎద్దంటే వాళ్ళకి తెలిసింది ఒక్కటే.

ఏటేటా తోటలో జాతరకి ఆ పటాన్ని డప్పులతో ఊరేగించారు. పక్క లయిన్లలోని తమిళులు కూడా కొబ్బరికాయలు కొట్టారు. వరండాలోంచి దొర ఊరేగింపు చూసి పడీపడీ నవ్వాడట. దొరకి సంతోషమైందని కూలీలంతా పొంగిపోయారు.

తరవాత కథ మామూలుదే. రాజారావు చదువుకుని వంతెన దాటి, ఇంగ్లీషువాళ్ళ నౌకాస్థావరంలో సామాన్ల గుమాస్తా అయ్యాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఓడల కర్మాగారంలో పని చేశాడు. ఫ్లాటు తీసుకున్నాడు. తల్లిదండ్రులు పోయాక అప్ప పటాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చి అతని ఇంట్లో చేరింది. ఆమెకి వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోయాయి. ఎందుకో చిన్నతనంలో అతనికి ఎవరూ చెప్పలేదు, పెద్దయ్యాక అతను అడగలేదు. భార్య కాత్యాయని ఆరేళ్ళ కిందట పోయింది. కొడుకు కౌశల్‌ని పెంచింది భ్రమరాంబే. ఇప్పుడు కౌశల్ ఒక కంప్యూటర్ కంపెనీలో ఉన్నాడు. అలాంటి కంపెనీలోనే పనిచేసే బెజవాడ వాళ్ళ పిల్లతో పెళ్ళి కుదిరింది. ఇంకా రెండు నెలలుంది.

గోదాములో ఆ బొమ్మని గుర్తుపట్టిన వారాంతంలోనే గోదాముకి ఓ పదిమంది తెలుగువాళ్ళు వచ్చారు. అంతా కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ జనం. వాళ్ళని తిప్పి చూపిస్తున్నది కీర్తిక. హైదరాబాదు పిల్ల, మొగుడిది ఉద్యోగం, ఆమెకి ఖాళీ. బొమ్మల గురించి చదువుకుంది కాబట్టి జీతం లేకుండా గైడు పని చేస్తోంది. రాజారావు కాపలా కాసే చిత్రం ముందు ఆగి తెలుగులోనే మొదలుపెట్టింది.

“ఇది గ్రీకుల పురాణ కథ. ఒక రాజకుమారి ఫ్రెండ్స్‌తో సముద్రం ఒడ్డున పూలు కోసుకుంటోంది. పక్కనే వాళ్ళ నాన్నగారి పశువుల మంద. దేవతల రాజు ఆ పిల్ల మీద మనసుపడి, తెల్లటి ఎద్దు రూపంలో ఆ మందలో కలిశాడు. చాలా సాధువుగా ఉంది కదా అని ఆమె దండ వేసి, మెల్లిగా ఎక్కి కూర్చుంది. అంతే, సముద్రంలోకి పరుగు. ఎక్కడో ద్వీపానికి ఎత్తుకుపోయాడు.”

“సో రొమాంటిక్ యా,” అన్నారెవరో.

“మౌస్‌ప్యాడ్ కూడా ఉంది, బయట అమ్ముతున్నారు,” అంది కీర్తిక నవ్వుతూ. “ఇటు చూడండి, ఒడ్డు మీద ఏడుస్తున్నది ఆమె ఫ్రెండ్స్. ఆ వెనక చెట్టు కింద మందని కాసేవాడు పిల్లంగోవి వాయిస్తున్నాడు. ఇటు తిరగను కూడా తిరగలేదు. పట్నాల్లో ఉండే ప్రభువులకి పల్లె అంటే కష్టమే తెలియని చోటు. అలాంటి చోటు ఎక్కడా లేదు, బొమ్మల్లోనే ఉంది. అందుకే ఎంత ఘోరమైన కథ వేసినా మూల ఒక కాపరిని పెట్టేవాళ్ళు, చూసేవాళ్ళకి హాయిగా ఉండాలని.”

కాపలావాడు నోరు విప్పకూడదు. రాజారావు విప్పాడు. “అమ్మా, ఆ చెయ్యి ఎందుకెత్తింది?”

“హెల్ప్ కోసం అంకుల్. ఎవరైనా వస్తారేమోనని.”

నిబ్బరంగా ఊరుకుంటే సరిపోయేది. కంగారులో అతను, మా ఇంట్లో యాభై ఏళ్ళుగా దీనికే దీపం పెడుతున్నాం, మా అమ్మ దీన్ని అభయహస్తం అనుకుంది అనేశాడు. కీర్తిక మొహం వెలిగిపోయింది. ఎస్టేటు కూలీలు గ్రీకు రాజకుమారిని అమ్మవారిని చేసుకున్నారా అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. సాయంత్రానికల్లా కంపెనీవాళ్ళ చెవిన వేసింది. వచ్చే శనివారం కెమెరాతో వుడ్‌ల్యాండ్స్ వస్తారట. పటాన్నీ, దీపం పెట్టే పెద్దావిడనీ ఫొటోలు తీసి, ఆవిడ చేత నాలుగు మాటలు చెప్పించి వెబ్‌సైటులో పెడతారట. రాజారావు సరేనన్నాడు. ఆ సంగతి ఫోన్లో చెబితే కౌశల్ “ఓకే వాట్ డాడ్, ఫ్రీ పబ్లిసిటీ లా” అన్నాడు.

ఆ రోజు బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి కొని జేబులో పెట్టుకున్నాడు. సోమవారం నుంచి గురువారం దాకా అది జేబులోనే ఉంది. అప్పకి ఈ లోకంలో ఉన్నది ఆ అమ్మవారొక్కర్తే. ఆమె దేవత కాదు, ఎవడో ఎత్తుకుపోయిన పిల్ల అని ఎలా చెప్పడం? చెప్పకపోతే శనివారం ఓ పరాయిపిల్ల వచ్చి నవ్వుతూ చెబుతుంది. రోజూ రైల్లో వచ్చేటప్పుడు మాటలు పోగేసుకునేవాడు. తలుపు తీసి అప్ప ఎదురొచ్చేసరికి అవన్నీ ఆవిరైపోయేవి. మనిషి పిరికివాడు, ఆ మాట దాచాల్సిన పని లేదు.

శుక్రవారం సాయంత్రం ఇక గడువు లేదు. భ్రమరాంబ అర ముందు పీట వేసుకుని వత్తులు చేసుకుంటోంది. రాజారావు పక్కనే నేల మీద చతికిలబడి, ఆమె మొహం చూడకుండా, కీర్తిక చెప్పిన కథంతా చెప్పాడు. ఆమె వత్తి తిప్పడం ఆపలేదు.

“ఐపోయిందా సెప్పడం?” అంది.

“అప్పా, నీకు బాధేస్తుందని...”

“నాకు తెలుసురా ఆ కత.” ఆమె వత్తిని నూనెలో ముంచింది. “దొర గదిలో మంచానికి ఎదురుగా ఉండీది ఆ పటం. నాను ఏడుత్తుంటే, మలాయి బాసలో, నవ్వుతా సెప్పాడు. రాజుగారి కూతురంట. పువ్వులు కోసుకుంటందంట. దేవుడే ఎద్దై వచ్చాడంట. దేవుడికే లేని తప్పు నాకేటి అన్నాడు. ఆ ముక్క మర్సిపోవాలని సానా సూసాను. పోలేదు.”

జ్వరమన్నారు కదా అన్నాడు రాజారావు. అరవైకి దగ్గరపడ్డ మనిషి తొమ్మిదేళ్ళ పిల్లాడిలా అన్నాడు.

“ఏటి జ్వరం. ఈపోలో కన్నాను. ఆడో మగో కూడా సూడనివ్వలేదు.”

“నాన్నకి తెలుసా?”

“తెలీకపోతే ఈపో ఎవుడు పంపాడు? దొర నాన్నకి పటం ఇచ్చాడు. నీకు బడి ఇచ్చాడు. నీ తప్పు కాదులే, నీకేటి తెలుసు.”

తప్పు కాదన్న ఆ మాటే అతన్ని ఎక్కువ కాల్చింది. ఇంగ్లీషు బడి, నౌకాస్థావరం, ఫ్లాటు, కౌశల్ చదువు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక జేబులోంచి పోస్టుకార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మన పటంలో ఈ ఒడ్డంతా లేదు, నాన్న ఫ్రేముకని కోయించేశాడు అన్నాడు.

భ్రమరాంబ కార్డుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. “నాన్న కాదు. నాను కోసాను. ఆ పటం ఇంటికొచ్చిన రాత్రే, అమ్మ పాలు గీసే కత్తితో. ఇదిగో, వీలందరూ ఒడ్డున గుండెలు బాదుకుని ఏడుత్తన్నారు. మనకెవులేడిసార్రా? మన కతలో లేనోల్లు మన పటంలో ఎందుకని కోసీసాను. పొద్దున్న లేసేసరికి అమ్మ దండం పెడతంది. ఏటనగలను?”

“మరి ఇన్నేళ్ళూ దీపమెందుకు పెట్టావు?”

“ఆ పిల్లకి పెట్టాను. ఎద్దుకి కాదు. సెయ్యెత్తి అలాగే ఉండిపోయింది కదా, పాపం.”

కింద నుంచి పిల్లలు బంతాడుకునే చప్పుడు వస్తోంది. ఆమె ఎప్పుడూ లేనిది అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

“రేపు ఆ పిల్లని రానీ. కెమెరా తెచ్చుకోనీ. నాను సెప్తాను. పటం సంగతీ సెప్తాను, దొర పేరూ సెప్తాను, ఈపో సంగతీ సెప్తాను. ఎవులైనా ఒకలు రాసుకుంటే సాలు. నాకు అరవైనాలుగొచ్చాయి. ఇంతదాకా నిన్ను ఏటీ అడగలేదు రాజూ.”

అడగలేదు, నిజమే. చీర కావాలనలేదు, తీర్థం వెళతాననలేదు. రాజారావు తలూపాడు. తలూపుతూనే అతని బుర్ర ఇంకో దారిన పోయింది. వెబ్‌సైటు అంటే అందరూ చూస్తారు. బెజవాడవాళ్ళు చూస్తారు. వాళ్ళ ఆఫీసుల్లో చూస్తారు. పెళ్ళికొడుకు తాత తన కూతుర్ని దొరకి అప్పజెప్పాడట, దాంతో వచ్చిన చదువట అంటారు. రెండు నెలలు. ఈ రెండు నెలలు ఆగితే?

“అప్పా,” అన్నాడు, “కౌశల్ పెళ్ళి కానీ. అయ్యాక తప్పకుండా...”

ఆమె మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది.

అతను లేచి హాల్లోకి వెళ్ళి కీర్తికకి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు గానీ మూడు గదుల ఫ్లాట్లో ఏ మాటా దాగదు. “మా అక్కకి ఒంట్లో బాగోలేదమ్మా. రేపు కుదరదు,” అన్నాడు.

“అయ్యో, అంతా రెడీ చేశాం అంకుల్. పోనీ నెక్స్ట్ వీక్?”

రాజారావు వంటింటి వైపు చూశాడు. అప్ప వీపు కనిపిస్తోంది. ఇప్పుడైనా సరేనంటే సరిపోతుందని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు, “నెక్స్ట్ వీక్ కూడా వద్దమ్మా. ఆవిడ పెద్దావిడ, ఏదేదో మాట్లాడుతుంది. వదిలెయ్యండి.”

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి దీపం వెలుగుతోంది. భ్రమరాంబ పోస్టుకార్డుని దీపం దగ్గర పెట్టుకుని చూస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఒరే రాజూ,” అంది ఆమె తల తిప్పకుండా. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండునని అతనికనిపించింది. “ఏడిసేవోల్లని కోసీడం సరైందే. ఇదిగో, సెట్టు కింద ఇటు తిరక్కుండా పిల్లంగోవి ఊదుకుంటన్నాడే, ఈడొక్కడినీ ఉంచాల్సింది. ఈడు మనింటోడే.”

కార్డుని పటం పక్కన నిలబెట్టి, అన్నం వడ్డిస్తాను రమ్మని లేచింది.